జీరో బల్బు వెలిగేంత కరెంటు

(ఎండాకాలం మొదట్లో హన్మకొండలోని ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో చేసిన ప్రసంగం. మాట్లాడినవారు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ బోధించి రిటైరైన ఉపాధ్యాయులు. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ నాలుగైదు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. టేబుల్ మీద పెట్టినవన్నీ చిన్న చిన్న సామాన్లు, దగ్గరికొస్తేనే కనిపిస్తాయి. పిల్లలు ముందు వరసలో కూర్చోండి. చేతులు మాత్రం టేబుల్ మీదికి రాకూడదు నాన్నా, ఈ చెక్క బోర్డులో కరెంటు ఉంది.

ముందు ఒక మాట అడుగుతాను. మీ ఇంట్లో ఎంసీబీలు, అంటే లోడు ఎక్కువైతే తమంతట తామే కిందికి పడి కరెంటు ఆపే స్విచ్చులు, ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. సరే. ఆర్‌సీసీబీ, అంటే కరెంటు దారి తప్పి నేలలోకి పోతే వెంటనే తెంపేసే డబ్బా, ఉన్నవాళ్ళు? ఒకటి, రెండు... అయిదుగురు. మిగతావాళ్ళు పక్కవాళ్ళ ముఖం చూస్తున్నారు. ఉందో లేదో తెలియదు, అంతే కదా? ఈ సాయంత్రం మనం ఇక్కడ కూర్చున్నది దాని గురించే.

ఆరేళ్ళ కింద, ఇలాంటి ఎండాకాలమే. మా బావమరిది ఇంట్లో ఇనుప బాడీ కూలర్ ఉంది. మధ్యాహ్నం నీళ్ళు అయిపోయాయని బకెట్టుతో పోస్తున్నాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, పంపు నడుస్తూనే ఉంది. కింద ఒలికిన నీళ్ళలో వట్టి కాళ్ళతో నిలబడ్డాడు. ఎడమ చేత్తో కూలర్ అంచు పట్టుకున్నాడు. ఇంక చెయ్యి రాలేదు. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. ఎనిమిదో తరగతి చదివే వాళ్ళమ్మాయి చూసింది. నాన్న దగ్గరికి ఉరకలేదు, గోడ దగ్గరికి ఉరికి స్విచ్చు ఆపింది. ఆ పిల్లకు అంత తెలివి ఉండబట్టి మా బావమరిది ఈ రోజు మన మధ్య ఉన్నాడు.

రాత్రి నాకు ఫోన్ చేసి అతను అడిగిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "బావా, నువ్వు చెప్పినట్టే మొత్తం వైరింగ్ కొత్తది చేయించాను. ఎంసీబీలన్నీ మంచి కంపెనీవి పెట్టించాను. ఒక్కటి కూడా ఎందుకు పడలేదు?"

వందల మంది పిల్లలకు పాఠం చెప్పిన నేను, సొంత మనిషికి ఆ సంగతి చెప్పలేదు. పడదు. ఎంసీబీ పడదు. అది చెడిపోయి కాదు, మనిషికి షాక్ కొడితే పడాలని దాన్ని ఎవరూ తయారు చేయలేదు. అది వైరును కాపాడటానికి పుట్టింది.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. పెద్దవాళ్ళకు పింగాణీ ఫ్యూజులు గుర్తుంటాయి. మీటర్ బోర్డు మీద తెల్లగా, పట్టుకుని లాగితే ఊడి వచ్చేవి. అందులో సన్నటి తీగ. లోడు ఎక్కువైతే ఆ తీగ కరిగిపోయి కరెంటు ఆగిపోయేది. ఇల్లంతా చీకటి, నాన్న టార్చిలైటు పట్టుకుని "ఫ్యూజు ఎగిరిపోయింది" అనేవాడు. ఆ తీగ ఎందుకు కరగాలి? గోడలో ఉన్న వైరు కరగకూడదు కాబట్టి. వైరులో కరెంటు రెట్టింపైతే పుట్టే వేడి నాలుగింతలు అవుతుంది. గోడ లోపల వైరు కాలితే మనకు కనిపించదు. అందుకని కావాలనే ఒక బలహీనమైన ముక్కను కళ్ళ ముందు పెట్టి, కాలితే ఇదే కాలనీ అన్నారు. మనం చేసిందేమిటి? ఆ తీగ మాటిమాటికీ పోతోందని వైరులోంచి నాలుగు పోగులు పీకి చుట్టాం. బలహీనమైన ముక్కను బలంగా చేశాం. అప్పుడు గోడలోని వైరే బలహీనమైన ముక్క అయ్యింది.

ఆ ఫ్యూజు స్థానంలోకి వచ్చింది ఎంసీబీ. 1924లో జర్మనీలో, మాన్‌హైమ్ పట్టణంలో హ్యూగో స్టాట్జ్ కంపెనీలో తయారైంది. ఇదిగో, ఒకటి పక్కకు కోసి తెచ్చాను. చేతికిస్తాను, చూసి పక్కవాళ్ళకు ఇవ్వండి. లోపల వంకరగా ఉన్న చిన్న రేకు కనిపిస్తోందా? అది ఒక్క లోహం కాదు, రెండు లోహాలు అతికించిన రేకు. వేడెక్కితే ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ సాగుతుంది. రేకు వంగి మీటను తంతుంది. లోడు ఎక్కువైనప్పుడు పడేది ఇలాగే, నింపాదిగా. దాని పక్కన రాగి తీగ చుట్ట ఉంది చూడండి, స్ప్రింగులాగా. షార్ట్ సర్క్యూట్ అయితే రేకు వేడెక్కేదాకా ఆగే టైము ఉండదు. ఆ చుట్ట అయస్కాంతమై టక్కున లాగేస్తుంది. ఇంకో మూల పలచటి రేకులు వరసగా పేర్చి ఉన్నాయి కదా, తెగేటప్పుడు పుట్టే మెరుపును ముక్కలు చేసి చల్లార్చేవి అవి. ఇంత చిన్న డబ్బాలో ఇంత పని పట్టించినవాళ్ళకు నేను ఇప్పటికీ దండం పెడతాను.

ముందు వైపు "సి 16" అని రాసి ఉంటుంది. 16 ఆంపియర్లు దాటగానే పడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. ఒకటింబావు రెట్లు, అంటే 20 ఆంపియర్లు వెళ్తుంటే గంటలోపు పడొచ్చు, పడకపోవచ్చు. 1.45 రెట్లు, అంటే 23 ఆంపియర్ల పైన వెళ్తే గంటలోపు తప్పకుండా పడాలి. 'సి' రకంలో వెంటనే పడాలంటే అయిదు నుంచి పది రెట్లు కావాలి, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇక్కడ నా మనసును బాగా కష్టపెట్టే ఒక అలవాటు చెబుతాను. వంటింట్లో ఇండక్షన్ పొయ్యి, మిక్సీ, కెటిల్ ఒకే లైను మీద పెడతాం. 16 ఆంపియర్ల ఎంసీబీ పడుతుంది. మళ్ళీ ఎత్తుతాం. మళ్ళీ పడుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తాం. అతను వచ్చి 32 ఆంపియర్లది పెట్టి వెళ్తాడు. ఇంక పడదు, మనకు సంతోషం. కానీ గోడలో ఉన్నది అదే రెండున్నర ఎంఎం వైరు. 32 ఆంపియర్ల ఎంసీబీ గంటలోపు తప్పనిసరిగా పడాలంటే 46 ఆంపియర్లు వెళ్ళాలి. ఆ వైరు మీద ఉన్న మామూలు ప్లాస్టిక్ తొడుగు 70 డిగ్రీల దాకానే తట్టుకుంటుంది. నలభై ఆంపియర్లు అందులోంచి పోతుంటే తొడుగు మెత్తబడుతుంది, నల్లబడుతుంది, ఒక రోజు అంటుకుంటుంది. ఎంసీబీ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు అలాగే ఉంటుంది. మీరు ఎంసీబీ సైజు పెంచాలంటే ముందు వైరు సైజు పెంచాలి. ఎలక్ట్రీషియన్ "పెద్దది వేశాను సార్" అంటే "వైరు మార్చావా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న చాలు.

సరే, ఇప్పుడు మనిషి సంగతి.

అమెరికాలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జీల్ అనే ప్రొఫెసర్ ఉండేవారు. షాక్ కొట్టినప్పుడు మనిషి తనంతట తాను చెయ్యి విడిపించుకోగలిగేది ఎంత కరెంటు దాకా అని ఆయన స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ళ మీదే పరీక్షించి చూశారు. మగవాళ్ళలో సగటున 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్ళలో పదిన్నర. అది దాటితే కండరాలు బిగుసుకుపోతాయి. చెయ్యి తీద్దామని మనసు అనుకున్నా చెయ్యి వినదు. మా బావమరిదికి జరిగింది అదే. ముప్పై దాటితే ఊపిరి తీయడమే కష్టం. యాభై నుంచి వంద మధ్య ఒకటి రెండు సెకన్లు గుండె మీదుగా వెళ్తే గుండె కొట్టుకునే లయ తప్పుతుంది. గుండె అక్కడే వణుకుతూ ఉంటుంది, రక్తం తోయదు.

మిల్లీ ఆంపియర్ అంటే ఆంపియర్‌లో వెయ్యో వంతు. ఈ లెక్క కంటికి కనపడాలని ఇది తెచ్చాను. జీరో బల్బు. దేవుడి గూటిలో పెట్టుకుంటాం, రాత్రి పడుకునేటప్పుడు వేసుకుంటాం. పేరుకే జీరో, ఈ పాత రకం దాదాపు 15 వాట్లు తీసుకుంటుంది. మన ఇంటి వోల్టేజి 230. 15ను 230తో భాగిస్తే 65 మిల్లీ ఆంపియర్లు. అంటే ఈ చిన్న బల్బు వెలగడానికి పట్టే కరెంటు మనిషి ప్రాణం తీయడానికి సరిపోతుంది.

మరి 16 ఆంపియర్ల ఎంసీబీ దృష్టిలో 65 మిల్లీ ఆంపియర్లు ఎంత? ఇలాంటి బల్బులు 246 వెలిగిస్తే 16 ఆంపియర్లు అవుతుంది, అప్పటికీ అది పడదు. తడిసిన ఒంటికి నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, వెయ్యి ఓమ్‌లు అనుకుందాం. 230 వోల్టులను దానితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు పోతాయి. ఎంసీబీకి అది మూడు నాలుగు జీరో బల్బులు వేసినట్టు. దానికి అది మామూలు విషయం.

ఇప్పుడు ఈ బోర్డు చూడండి. ఇటు ఎంసీబీ. అటు దానికన్నా వెడల్పుగా ఉన్నది ఆర్‌సీసీబీ. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. తేడా ఎలా తెలుస్తుంది? దీని మీద 'టీ' అని అక్షరం వేసిన చిన్న బటన్ ఉంటుంది. ఇంకా "30 ఎంఎ" అనో "0.03 ఎ" అనో రాసి ఉంటుంది. షాపులో కొందరు దీన్ని ఇంకా పాత పేరుతో ఈఎల్‌సీబీ అనే పిలుస్తారు. పేరు సంగతి వదిలేయండి, ఆ 30 అంకె చూడండి. 100వి, 300వి కూడా అమ్ముతారు. అవి మంటల నుంచి భవనాన్ని కాపాడటానికి. మనిషి కోసం అయితే 30 మాత్రమే తీసుకోవాలి.

బల్బును ఫేజుకీ న్యూట్రల్‌కీ, అంటే కరెంటు తెచ్చే తీగకూ తిరిగి తీసుకుపోయే తీగకూ మధ్య పెడుతున్నాను. వెలిగింది. ఆర్‌సీసీబీ అలాగే ఉంది. అదే బల్బు, ఒక తీగను న్యూట్రల్ నుంచి తీసి ఎర్త్‌కు, అంటే భూమిలోకి పోయే తీగకు తగిలిస్తున్నాను. దీని మీదే చూపు పెట్టండి. పిల్లలూ, బల్బు వంక చూడండి...

విన్నారా? టక్కుమంది. బల్బు వెలగడం ఎవరైనా చూశారా? లేదు. ఫిలమెంటు ఎర్రబడేలోపే తెగిపోయింది. ఇంకోసారి చేస్తాను, వెనకవాళ్ళు చూడలేదు. ...అదిగో. పక్కనున్న ఎంసీబీ కదిలిందా? లేదు.

ఎలా తెలిసింది దానికి? పల్లెటూరి నుంచి వచ్చినవాళ్ళకు ఇది తేలిక. పొద్దున మేకల్ని దొడ్డి గుమ్మంలోంచి వదులుతారు. వెళ్ళినవి నలభై. సాయంత్రం అదే గుమ్మంలోంచి వస్తుంటే లెక్కపెడతారు. ముప్పై తొమ్మిదే వస్తే ఒకటి ఎక్కడో దారి తప్పినట్టు. ఆర్‌సీసీబీ లోపల ఉంగరం లాంటి ఒక చుట్ట ఉంటుంది. ఫేజు వైరు, న్యూట్రల్ వైరు రెండూ దాని మధ్యలోంచే పోతాయి. ఫేజులో వెళ్ళిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి రావాలి. ఫ్రిజ్ నడవనీ, ఏసీ నడవనీ, ఎంత వాడుకున్నా వెళ్ళిందీ వచ్చిందీ సమానమే. మనిషి ఒంట్లోంచి నేలలోకి పోయింది మాత్రం ఆ గుమ్మంలోంచి తిరిగి రాదు. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపు అది పడి తీరాలి. సెకనులో మూడు పదోవంతుల లోపల తెగాలని ప్రమాణం. తేడా అయిదింతలైతే, అంటే 150 అయితే, సెకనులో వందో వంతులు నాలుగే. షాక్ తెలుస్తుంది, చురుక్కుమంటుంది, కానీ చెయ్యి అంటుకుపోయే టైము ఉండదు.

ఇది 1950లలో దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో పనిచేసేవాళ్ళ కోసం పనికొచ్చిన ఆలోచన. నేను ఇందాక చెప్పిన డాల్జీల్ 1961లో అమెరికా ఇళ్ళ కోసం ఇలాంటిదే తయారు చేశారు. అక్కడ 5 మిల్లీ ఆంపియర్లకే పడేలా పెట్టుకున్నారు. మన దేశంలో కేంద్ర విద్యుత్ భద్రతా నిబంధనల్లో కూడా ఎర్త్ లీకేజీ రక్షణ గురించి ఉంది. నిబంధన ఉండటం వేరు, మన బోర్డులో ఆ డబ్బా ఉండటం వేరు.

ఒక్క జాగ్రత్త. ఆర్‌సీసీబీకి లోడు లెక్క తెలియదు, షార్ట్ సర్క్యూట్ తెలియదు. దాన్ని పెట్టుకుని ఎంసీబీలు తీసేయకూడదు. రెండూ ఉండాలి. రెండు పనులూ ఒకే డబ్బాలో చేసేది ఆర్‌సీబీఓ, అది కూడా దొరుకుతుంది.

ఎర్తింగ్ దగ్గరికి వద్దాం. "మా ఇంటికి ఎర్తింగ్ బాగుంది సార్, ఇంక ఇదెందుకు?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. లెక్క వేద్దాం. కూలర్ పంపు లోపల తీగ తొడుగు పాడై ఫేజు బాడీకి తగిలింది. ఎర్త్ వైరులోంచి కరెంటు భూమిలోకి పోతుంది. మనది బండ నేల, ఈ చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా నాలుగడుగులకు రాయి తగులుతుంది. ఇల్లు కట్టినప్పుడు బొగ్గూ ఉప్పూ వేసి పైపు పాతారు, ఆ తర్వాత దాని మీద టైల్స్ పరిచారు, ఒక్క చెంబు నీళ్ళు పోసినవాళ్ళు లేరు. ఏప్రిల్‌లో ఆ గుంత నిరోధం 20 ఓమ్‌లు ఉందనుకోండి. 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దీనికి పడుతుందా? ఎప్పటికీ పడదు. గుంత చాలా బాగుంది, 5 ఓమ్‌లే అనుకుందాం. 46 ఆంపియర్లు. వెంటనే పడాలంటే 80 నుంచి 160 కావాలని ఇందాక అనుకున్నాం కదా? కాబట్టి ఆ రేకు వేడెక్కి వంగేదాకా ఆగాలి. కొన్ని సెకన్లు. ఆ కొన్ని సెకన్లూ కూలర్ బాడీలో కరెంటు ఉంటుంది.

అదే ఆర్‌సీసీబీ ఉంటే, ఎర్త్ గుంత ఎండిపోయి 500 ఓమ్‌లు అయినా 460 మిల్లీ ఆంపియర్లు పోతాయి. టక్కున పడుతుంది. అలాగని ఎర్తింగ్ అక్కర్లేదని కాదు. ఎర్త్ ఉంటే, బాడీకి కరెంటు తగిలిన క్షణంలోనే, ఎవరూ ముట్టుకోకముందే ఆర్‌సీసీబీ పడుతుంది. ఎర్త్ లేకపోతే అది ఎవరో ఒకరు ముట్టుకునేదాకా కాచుకుని ఉంటుంది. ఆ ముట్టుకునేది మీ అమ్మ కావచ్చు, పాకుతున్న పిల్లాడు కావచ్చు. అందుకే రెండూ కావాలంటున్నాను.

ఈ ప్లగ్గు చూడండి. మూడు కాళ్ళలో ఒకటి లావుగా, పొడవుగా ఉంది. ఎర్త్ పిన్ను. ఎందుకు పొడవు? పెట్టేటప్పుడు అందరికంటే ముందు తగలాలి, తీసేటప్పుడు అందరికంటే ఆఖర్న వదలాలి. ఇంత ఆలోచించి చేసిన కాలును మనం విరిచేసి రెండు కాళ్ళ సాకెట్లో పెడతాం. లేదా సాకెట్లో మూడో రంధ్రం ఉంటుంది కానీ దాని వెనక వైరే ఉండదు. నేను ఇళ్ళకు వెళ్ళి సాకెట్లు విప్పితే ఎన్నోసార్లు కనిపించింది అదే. పచ్చ వైరు పెట్టెలో మడిచి పడుకుని ఉంటుంది, స్క్రూకి తగిలించి ఉండదు. టెస్టర్‌తో ఇది తెలియదు. మూడు లైట్లుండే సాకెట్ టెస్టర్ అని చిన్నది దొరుకుతుంది, ప్లగ్గులా పెడితే వైరు తగిలిందో లేదో చెప్తుంది. గుంత ఎంత బాగుందో చెప్పాలంటే మాత్రం ఎర్త్ టెస్టర్‌తో కొలవాల్సిందే.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన విషయం. ఆర్‌సీసీబీ ఉన్న ఇళ్ళలో కూడా చాలాచోట్ల అది పని చేయదు. మనమే దాన్ని పక్కన పెట్టించాం. ఎలాగంటే, వానాకాలంలో మాటిమాటికీ పడుతుంది. రాత్రి రెండింటికి పడితే చిరాకు, టెన్షన్. ఎలక్ట్రీషియన్ "ఇది సెన్సిటివ్ సార్, డైరెక్ట్ చేసేస్తా" అంటాడు. పై నుంచి కిందికి వైరు కలిపేస్తాడు. డబ్బా బోర్డులో ఉంటుంది, పిడి పైకే ఉంటుంది, కరెంటు దాని పక్క నుంచి పోతుంది. అది పడుతున్నదంటే ఇంట్లో ఎక్కడో ఒక మేక దారి తప్పుతోందని అర్థం. ఆ మేకను వెతకాలి, లెక్క చెప్పినవాణ్ణి పంపించేయకూడదు.

వెతకడం ఎలా? ఒక్కొక్క ఎంసీబీ ఆపుకుంటూ పోతారు. అది సగమే పని. ఇళ్ళలో ఎంసీబీ ఎక్కువగా ఫేజును మాత్రమే కోస్తుంది, న్యూట్రల్ అలాగే ఉంటుంది. ఎక్కడైనా న్యూట్రల్ ఎర్త్‌కు తగిలి ఉంటే ఎంసీబీ ఆపినా ఆర్‌సీసీబీ పడుతూనే ఉంటుంది. కాబట్టి స్విచ్చులు ఆపడం కాదు, ప్లగ్గులన్నీ పీకేయండి. గీజర్, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, కూలర్, మోటారు. తర్వాత ఒక్కొక్కటే పెట్టండి. దేనితో పడిందో అదే దొంగ. నా అనుభవంలో ముందు వరసలో గీజర్ ఎలిమెంటు, కూలర్ పంపు, బాల్కనీలో వాన తగిలే సాకెట్టు ఉంటాయి. ఏదీ పెట్టకపోయినా పడుతుంటే ఇన్వర్టర్ చూడండి. ఇన్వర్టర్ బిగించేటప్పుడు ఆర్‌సీసీబీకి ముందున్న న్యూట్రల్‌నూ తర్వాతి న్యూట్రల్‌నూ కలిపేస్తారు. ఒక గుమ్మంలోంచి వెళ్ళిన మేకలు ఇంకో గుమ్మంలోంచి వస్తే లెక్క ఎలా కుదురుతుంది? ఆ న్యూట్రల్‌ను విడదీస్తే చాలు, సమస్య పోతుంది.

ఇది కాపాడలేనివి కూడా చెప్పాలి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుని, రబ్బరు చెప్పులతో నిలబడితే ఆర్‌సీసీబీకి తెలియదు. వెళ్ళిందంతా తిరిగి వస్తోంది కదా, దానికి మీరూ ఒక బల్బే. ఇంకొకటి, దండెం. బట్టలు ఆరేసే ఇనుప తీగ. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు ఏ ఇనుప పైపు మీదికి వాలుతుందో, దండెం కూడా దానికే కడతారు. గాలికి రాసుకుని రాసుకుని వైరు తొడుగు పోతుంది. వాన పడ్డ రోజు తడి బట్ట వేయడానికి చెయ్యెత్తిన మనిషి అక్కడే పడిపోతుంది. పట్టుకోబోయిన ఇంకొకరూ పోతారు. ఇలాంటి వార్తలు మీరు చదివే ఉంటారు. అక్కడ మీ ఇంటి ఆర్‌సీసీబీ ఏం చేయలేదు, ఎందుకంటే ఆ వైరు దానికంటే ముందుంది. ఇవాళ ఇంటికి వెళ్ళాక తల పైకెత్తి చూడండి. దండేనికి ఇనుప తీగ వద్దు, నైలాన్ తాడు కట్టండి. సర్వీసు వైరు ఏ ఇనుప వస్తువుకూ తగలకుండా చూడండి. తగులుతుంటే మీరు ముట్టుకోకండి, కరెంటు ఆఫీసుకు చెప్పండి.

ఎవరికైనా షాక్ కొడితే, దగ్గరికి పోకండి. మెయిన్ ఆపండి. కుదరకపోతే ఎండిన కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో తోయండి. ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి, పక్కవాళ్ళు 108కి ఫోన్ చేస్తారు.

ఇంక ఆ టీ బటన్. అది నొక్కితే లోపల ఒక చిన్న నిరోధకం ద్వారా కావాలనే కొంచెం కరెంటు దారి తప్పుతుంది. అది చూసి డబ్బా పడాలి. నెలకోసారి నొక్కాలి. ఏళ్ళ తరబడి కదలకపోతే లోపలి మీట బిగుసుకుపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ బటన్ డబ్బా పని చేస్తుందో లేదో చెప్తుంది, మీ ఎర్తింగ్ సంగతి చెప్పదు.

కార్యదర్శి గారూ, ఈ హాలు బోర్డు ఎక్కడుంది? తలుపు వెనకా? మైకు ఒక్క నిమిషం ఆగిపోతుంది, ఏమనుకోకండి. నొక్కుతున్నాను.

...పడలేదు. మళ్ళీ నొక్కుతున్నాను. లైట్లు అలాగే ఉన్నాయి, నా గొంతు మీకు మైకులోనే వినిపిస్తోంది. మీట బిగుసుకుపోయిందో, ఎవరైనా డైరెక్ట్ చేశారో విప్పి చూస్తే కానీ తెలియదు. రేపు పొద్దున నేనే వచ్చి చూస్తాను, డబ్బా పోయి ఉంటే కొత్తది వేద్దాం. ఇప్పటికి ఆ మూలనున్న కూలర్ స్విచ్చు ఆపి ప్లగ్గు తీసేయండి. కొంచెం ఉక్కపోస్తుంది, భరిద్దాం.

ప్రశ్నలు అడగండి.

(గీజర్ ఆపేసి స్నానం చేస్తే సరిపోతుందా అని ఒకామె అడిగారు.)

మంచి అలవాటమ్మా, మానకండి. అయితే ఒకటి చూపించుకోండి. మీ స్విచ్చు కోసేది ఫేజునేనా, న్యూట్రల్‌నా? వైరింగ్ తిరగేసి ఉంటే స్విచ్చు ఆపినా ఫేజు గీజర్ దాకా వచ్చే ఉంటుంది. గీజర్‌కు రెండు వైర్లనూ ఒకేసారి కోసే డబుల్ పోల్ స్విచ్చు పెట్టించుకుంటే ఆ భయం ఉండదు.

(కిరాయి ఇల్లు, ఓనరు పెట్టించనంటున్నారు, ఏం చేయాలని ఒకరు అడిగారు.)

మీరే పెట్టించుకోండి. సింగిల్ ఫేజు ఇంటికి ఆర్‌సీసీబీ రెండు వేల రూపాయల చుట్టుపక్కల ఉంటుంది. చిన్న పెట్టెలో బిగించి మీటరు తర్వాత, మీ మెయిన్ దగ్గర పెడతారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు విప్పి తీసుకుపోవచ్చు. ఫ్యానులు తీసుకుపోవట్లేదా? ఓనరుకు ఒక మాట చెప్పి చేయండి, లైసెన్సు ఉన్న మనిషితోనే చేయించండి.

ఏం నాన్నా, నువ్వేదో అడుగుతున్నావు?

(మా ఇంట్లో బటన్ నేను నొక్కొచ్చా అని ఒక బాబు అడిగాడు.)

నొక్కొచ్చు. అమ్మనో నాన్ననో పక్కన పెట్టుకుని నొక్కు. ముందు కంప్యూటర్ ఆపమను, లిఫ్టు దీని మీద లేదు కదా అని అడుగు. కాళ్ళకు చెప్పులు వేసుకో, చేతులు తడిగా ఉండకూడదు. ఇల్లంతా ఒక్కసారి ఆగిపోతుంది, భయపడకు. మళ్ళీ ఎత్తేటప్పుడు కొన్నిటికి పిడి నేరుగా పైకి రాదు, ముందు పూర్తిగా కిందికి నొక్కి అప్పుడు పైకెత్తాలి. పాల లెక్క చూసే ఒకటో తారీఖునే ఇదీ పెట్టుకో. క్యాలెండర్ మీద రాసుకో, పడిందా లేదా అని.